లోతట్టు ప్రాంతపు గృహ ఆక్వేరియంలో సముద్ర ఎనిమోన్ క్షీణత: కారణాలు, నిర్ధారణ, పునరుద్ధరణ

అలంకార మత్స్య పోషణ చాలాకాలం మంచినీటి తొట్లకే పరిమితమై ఉండేది. గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ, ఏంజెల్ వంటి చేపలతో మొదలైన ఈ అభిరుచి ఇటీవలి కాలంలో సముద్రజీవుల వైపు మళ్లుతోంది. నారింజ, తెలుపు చారల క్లౌన్ చేప, దానికి ఆశ్రయమిచ్చే సముద్ర ఎనిమోన్ ఈ కొత్త ఆకర్షణకు కేంద్రంగా నిలుస్తున్నాయి. అయితే క్లౌన్ చేప తొట్టిలో సులభంగా బతుకుతుంది, ఎనిమోన్ బతకదు. కొన్న కొన్ని వారాలకే అది రంగు కోల్పోవడం, ముడుచుకుపోవడం, రాతిని వదిలి తేలియాడడం, చివరకు కుళ్లిపోవడం పెంపకందారులకు తరచుగా ఎదురయ్యే అనుభవం. ఆ దశలో చాలామంది మందు కోసం వెతుకుతారు. నిజానికి వెతకవలసింది నీటిలోని దోషం.

వరి ఆకు పసుపుబారినప్పుడు అది నత్రజని లోపమా, జింకు లోపమా, మురుగు నిలవడమా అని తేల్చుకోకుండా యూరియా చల్లరాదని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు చెబుతారు. మట్టి పరీక్ష తరువాతే ఎరువు అన్న ఆ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. నీటి పరీక్ష తరువాతే చికిత్స. సూర్యాపేట జిల్లా గరిడేపల్లి మండలం వంటి లోతట్టు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని, అక్కడి నీరు, ఎండ, విద్యుత్తు, వ్యవసాయ గృహాల పరిస్థితులలో క్షీణిస్తున్న ఎనిమోన్‌ను ఎలా పరిశీలించాలో, ఎలా కోలుకొనేలా చేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

జీవి స్వభావం

సముద్ర ఎనిమోన్ పువ్వులా కనిపించినా జంతువే. నిడేరియా వర్గానికి చెందిన ఈ జీవికి ఎముకలు, మెదడు, రక్తనాళాలు, మొప్పలు లేవు. దేహం ఒక కండరపు సంచి. కింద ఆధారాన్ని పట్టుకొనే పాద బింబం, పైన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు ఉంటాయి. స్పర్శకాలలోని దంశకణాలు ఎరను స్తంభింపజేస్తాయి. నోటి ద్వారానే ఆహారం లోపలికి పోతుంది. వ్యర్థమూ అక్కడి నుంచే బయటకు వస్తుంది. దేహంలోకి నీరు నింపుకొని ఉబ్బడం, నీటిని వదలి ముడుచుకోవడం దాని సహజ చర్య. చర్మానికి, చుట్టూ ఉన్న నీటికి మధ్య రక్షణ కవచమేదీ లేకపోవడం వల్ల నీటిలోని ప్రతి మార్పూ నేరుగా కణాలను తాకుతుంది. చేప తట్టుకొనే మార్పును ఎనిమోన్ తట్టుకోలేకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చే ఎనిమోన్ జాతులు ప్రపంచంలో పది మాత్రమే. వాటి కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు నివసిస్తాయి. ఇవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారు చేసిన పిండిపదార్థాలలో అధిక భాగాన్ని ఆతిథేయికి అందిస్తాయి. ప్రతిగా అమోనియా, కార్బన్ డయాక్సైడ్, ఆశ్రయం పొందుతాయి. ఆరోగ్యవంతమైన ఎనిమోన్‌లో కనిపించే గోధుమ, లేత ఆకుపచ్చ ఛాయలకు ప్రధాన మూలం ఈ శైవలాలే. వేడి, అధిక కాంతి, లవణీయతలో హఠాత్తు మార్పు వంటి ఒత్తిడికి గురైనప్పుడు శైవలాలు దేహం నుంచి వెలివేయబడతాయి. దీనినే వివర్ణనం అంటారు. తెల్లబడిన ఎనిమోన్ కొందరికి మరింత అందంగా కనిపించవచ్చు. కానీ అది ప్రధాన ఆహార వనరును కోల్పోయి ఆకలితో ఉన్న జీవి.

ఇది తొట్లకే పరిమితమైన సమస్య కాదు. తమిళనాడులోని మన్నార్ సింధుశాఖలో వేసవి నెలలలో సముద్రోపరితల ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు పగడాలు తెల్లబడడం శాస్త్రవేత్తలు పలుమార్లు నమోదు చేశారు. 1998, 2010, 2016 సంవత్సరాలలో భారతీయ పగడపు దిబ్బలలో విస్తృత వివర్ణనం సంభవించింది. సముద్రమంత నీటిలోనే ఒకటి రెండు డిగ్రీల తేడా ఇంత ప్రభావం చూపితే, రెండు వందల లీటర్ల తొట్టిలో ఒక్క మధ్యాహ్నం ఎంత నష్టం కలిగించగలదో ఊహించవచ్చు.

ఎనిమోన్ స్వభావతః అల్పాయుష్కు జీవి కాదు. స్కాట్లాండ్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త సర్ జాన్ గ్రాహం డాలియెల్ 1828లో నార్త్ బెరిక్ తీరంలో సేకరించిన ఒక ఎనిమోన్ చేతులు మారుతూ ఎడిన్‌బరోలో 1887 వరకు జీవించింది. ‘గ్రానీ’ అని పేరు పొందిన ఆ జీవి 59 సంవత్సరాలు గాజు పాత్రలోనే గడిపి, అనేక పిల్లలకు జన్మనిచ్చింది. అది చల్లని సముద్రపు జాతి. దానిలో సహజీవన శైవలాలు లేవు కనుక కాంతి సమస్య తలెత్తలేదు. సముద్రపు నీటిని క్రమం తప్పకుండా మార్చడం, మితంగా ఆహారమివ్వడం తప్ప దానికి ప్రత్యేక పరికరాలేవీ లేవు. కాబట్టి గృహ ఆక్వేరియంలో కొద్ది నెలలకే ఎనిమోన్ మరణించడాన్ని సహజ మరణంగా పరిగణించరాదు. అది పోషణ లోపానికి సూచన.

ఆరోగ్య, అనారోగ్య లక్షణాలు

చికిత్సకు పూర్వం ఆ జీవి నిజంగా అనారోగ్యంతో ఉన్నదా అన్నది తేల్చుకోవాలి. సహజ ప్రవర్తనను వ్యాధిగా భావించి తొట్టిని కలచివేయడం వల్ల కూడా ఎనిమోన్లు నష్టపోతాయి.

సహజమైనవి: రోజులో కొన్ని గంటలు ముడుచుకొని, గోధుమరంగు తీగల వంటి వ్యర్థాన్ని విసర్జించి, తిరిగి విచ్చుకోవడం; కొత్త తొట్టిలో తొలి వారం రోజులు అనువైన చోటు కోసం కదలడం; రాత్రివేళ కొంత కుదించుకుపోవడం.

ఆందోళన కలిగించవలసినవి: రెండు మూడు రోజులు నిరంతరాయంగా ముడుచుకొని ఉండడం, నోరు వదులుగా తెరచుకొని ఉండడం, నోటి నుంచి లోపలి పొరలు బయటకు పొంగుకురావడం, స్పర్శకాలు జిగురు కోల్పోయి ఆహారాన్ని పట్టలేకపోవడం, పాద బింబం ఆధారాన్ని వదలివేయడం, వారం దాటినా స్థిరపడక సంచరించడం, దేహం క్రమంగా పాలిపోవడం.

మరణానికి గుర్తులు: దేహం జిగట ముద్దగా కరగడం, తాకితే చీలికలుగా ఊడిపోవడం, తీవ్రమైన దుర్వాసన. ఈ స్థితిలో జీవిని వెంటనే తొలగించాలి. కుళ్లుతున్న ఒక పెద్ద ఎనిమోన్ విడుదల చేసే అమోనియా తొట్టిలోని మిగిలిన జీవులన్నిటినీ బలి తీసుకోగలదు. సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.2 ఉండడం ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. పీహెచ్ 7తో పోలిస్తే 8.2 వద్ద మొత్తం అమోనియాలో విషపూరిత రూపం వాటా పదింతలకు పైగా ఉంటుంది. మంచినీటి తొట్టిలో ప్రమాదం కలిగించని మోతాదు ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు.

నీరు: లోతట్టు ప్రాంతపు మొదటి సమస్య

పుణె నుంచి మచిలీపట్నం వరకు సాగే 65వ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగానే సముద్రాన్ని చేరుతుంది. అంతమాత్రాన ఆ తీరపు నీరు తెచ్చి పోయడం పరిష్కారం కాదు. కృష్ణా డెల్టా తీరంలో సముద్రజలం ఒండ్రుతో కలుషితమై ఉంటుంది. వర్షాకాలంలో నదీజలం కలిసి లవణీయత పడిపోతుంది. కనుక లోతట్టు ప్రాంతంలో సముద్రపు నీటిని కృత్రిమంగా తయారు చేసుకోవలసిందే. శుద్ధజలంలో లీటరుకు సుమారు 35 నుంచి 38 గ్రాముల ఆక్వేరియం లవణ మిశ్రమాన్ని కలిపి, గాలి పంపు సాయంతో ఒక రోజు కలియబెట్టి, లవణీయతను రిఫ్రాక్టోమీటర్‌తో సరిచూసిన తరువాతే వాడాలి. వంట ఉప్పు ఇందుకు పనికిరాదు. సముద్రజలంలో సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్, బైకార్బనేట్ నియత నిష్పత్తిలో ఉంటాయి.

అసలు చిక్కు లవణంలో కాక, దానిని కలిపే నీటిలో ఉన్నది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరి విస్తారంగా సాగవుతుంది. నత్రజని ఎరువుల వాడకం ఎక్కువగా ఉన్నచోట భూగర్భజలంలో నైట్రేట్ చేరే అవకాశం ఉంటుంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా భూగర్భజలం అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. మనుషులకు అది తీవ్ర సమస్యే. అయితే సముద్రపు నీటిలోనే సహజంగా లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. కనుక ఎనిమోన్ విషయంలో బోరు నీటిలో మొదట అనుమానించవలసినవి నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్, లోహాలు. మిషన్ భగీరథ ద్వారా వచ్చే శుద్ధిచేసిన నీటిలో క్లోరిన్ శేషం ఉంటుంది. తాగడానికి అది అవసరమే కాని ఎనిమోన్‌కు, ఫిల్టర్‌లోని ఉపయోగకర బాక్టీరియాకు హానికరం.

ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. రెండు వందల లీటర్ల తొట్టిలో వేసవిలో రోజుకు నాలుగు లీటర్ల నీరు ఆవిరవుతుందని అనుకుందాం. ఆ లోటును బోరు నీటితో పూరిస్తే, అందులో తాగునీటికి భారతీయ ప్రమాణం అనుమతించే లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్నట్లయితే, నెలలో చేరే 120 లీటర్లతో 5,400 మిల్లీగ్రాముల నైట్రేట్ తొట్టిలోకి వస్తుంది. నీరు ఆవిరవుతుంది, నైట్రేట్ మిగిలిపోతుంది. అంటే ఒక్క నెలలో తొట్టి నీటిలో లీటరుకు 27 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మనుషులు నిరభ్యంతరంగా తాగగల నీరే ఎనిమోన్‌కు క్రమంగా ముప్పుగా మారే తీరు ఇది.

అందువలన ఆర్‌ఓ పరికరం తరువాత అయాన్లను తొలగించే రెజిన్ గొట్టాన్ని అమర్చి, కరిగిన ఘనపదార్థాలు శూన్యానికి చేరువైన నీటినే వాడడం శ్రేయస్కరం. గృహావసరాల ఆర్‌ఓ ఒక్కటే చాలదు. వెయ్యి మిల్లీగ్రాముల ఘనపదార్థాలున్న నీటిలో తొంభై శాతం తొలగినా వంద మిల్లీగ్రాములు మిగులుతాయి. పైగా రుచి కోసం ఖనిజాలను తిరిగి కలిపే యంత్రాలూ ఉన్నాయి.

లక్ష్యంగా ఉంచుకోవలసిన నీటి ప్రమాణాలు

• లవణీయత: వెయ్యికి 34–35 వంతులు, సాపేక్ష సాంద్రత 1.025–1.026
• ఉష్ణోగ్రత: 25–27 డిగ్రీల సెల్సియస్
• పీహెచ్: 8.1–8.3
• క్షారత: 8–10 డీకేహెచ్
• కాల్షియం: లీటరుకు 400–450 మి.గ్రా.
• మెగ్నీషియం: లీటరుకు 1,250–1,350 మి.గ్రా.
• అమోనియా, నైట్రైట్: పరీక్షలో కనిపించరాదు
• నైట్రేట్: లీటరుకు 10 మి.గ్రా. లోపు ఉత్తమం, 20 దాటరాదు
• ఫాస్ఫేట్: లీటరుకు 0.1 మి.గ్రా. లోపు
• రాగి: పరీక్షలో కనిపించరాదు

ఈ అంకెలను చేరుకోవడం కంటే వాటిని నిలకడగా ఉంచడం ముఖ్యం. లవణీయత ఒక వంతు తక్కువగా ఉండి స్థిరంగా ఉన్న తొట్టి, రోజూ సరిదిద్దబడుతూ పైకీ కిందికీ ఊగే తొట్టి కంటే మేలు.

ఎండ, ఆవిరి, విద్యుత్తు

సూర్యాపేట ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. చల్లబరచే ఏర్పాటు లేని గదిలో తొట్టి నీరు 30 డిగ్రీలు మించుతుంది. దీనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది చిల్లర్, ఖర్చుతో కూడుకున్నదైనా నమ్మదగినది. రెండవది గదినే చల్లగా ఉంచడం. మూడవది నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను నడపడం. గాలిలో తేమ తక్కువగా ఉండే మన వేసవిలో ఆవిరి చల్లదనం చక్కగా పనిచేసి రెండు నుంచి నాలుగు డిగ్రీల వరకు తగ్గించగలదు. వర్షాకాలంలో తేమ పెరిగినప్పుడు ఈ ప్రయోజనం తగ్గుతుంది.

ఫ్యానుతో వచ్చే మరో చిక్కు అధిక ఆవిరి. రోజుకు నాలుగు లీటర్ల చొప్పున ఐదు రోజులు పూరించకుండా వదిలితే రెండు వందల లీటర్ల నీరు 180 లీటర్లకు చేరి, లవణీయత 35 నుంచి సుమారు 39కి పెరుగుతుంది. ఊరికి వెళ్లి వచ్చేసరికి ఎనిమోన్ ముడుచుకుపోయి కనిపించడానికి తరచుగా ఇదే కారణం. ఆవిరైన నీటిని ఎల్లప్పుడూ శుద్ధ మంచినీటితోనే, ప్రతిరోజూ కొద్దికొద్దిగా పూరించాలి, ఉప్పునీటితో పూరించరాదు. పెరిగిపోయిన లవణీయతను ఒకేసారి దించడం రెండవ దెబ్బ అవుతుంది. రోజుకు ఒక వంతుకు మించకుండా తగ్గించాలి.

విద్యుత్ అంతరాయం కలిగితే నీటి ప్రవాహం ఆగిపోతుంది. వేడినీటిలో కరిగే ఆమ్లజని తక్కువ. రాత్రివేళ శైవలాలు కూడా ఆమ్లజనిని వినియోగించుకుంటాయి. కనుక వేసవి రాత్రి అంతరాయం అన్నిటికంటే ప్రమాదకరం. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు, లేదా ఇన్వర్టర్‌కు కలిపిన ఒక ప్రవాహ పంపు తప్పనిసరి.

రాగి: వ్యవసాయ గృహాలలో ప్రత్యేక జాగ్రత్త

అకశేరుకాలకు రాగి అతి స్వల్ప మోతాదులోనూ విషమే. చేపలకు తెల్లమచ్చల వ్యాధి వచ్చినప్పుడు వాడే పలు మందులలో రాగి లవణాలు ఉంటాయి. చేపను కాపాడే ఆ మందే అదే తొట్టిలోని ఎనిమోన్‌ను చంపుతుంది. అందుకే చేపలకు రాగి చికిత్సను ఎనిమోన్ లేని వేరే తొట్టిలోనే చేయాలి. ఒకసారి రాగి వాడిన తొట్టిలోని రాళ్లు, ఇసుక ఆ లోహాన్ని పీల్చుకొని నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతాయి. అటువంటి తొట్టిని ఎనిమోన్‌కు వినియోగించరాదు.

రైతు కుటుంబాలలో మరో మార్గముంది. వరి, బత్తాయి, మిరప తెగుళ్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్, కాపర్ హైడ్రాక్సైడ్ వంటి శిలీంద్రనాశకాలు వాడుతారు. మందు కలిపిన బకెట్టు, కొలపాత్ర ఎంత కడిగినా ఆక్వేరియం పనికి వాడరాదు. పిచికారీ చేసి వచ్చిన చేతులతో తొట్టిని తాకరాదు. ఇత్తడి కుళాయి, రాగి తీగ, నీళ్లు కాచే రాడ్డు నీటితో తగులకుండా చూడాలి. దోమల నివారణకు గదిలో చల్లే ద్రావణాలను గాలి పంపు నేరుగా నీటిలోకి చేర్చగలదు కనుక, చల్లేటప్పుడు పంపు గాలి పీల్చుకొనే చోటును గది వెలుపల ఉంచడం మంచిది. అనుమానం కలిగితే యాక్టివేటెడ్ కార్బన్‌తో పాటు లోహాలను పీల్చే రెజిన్‌ను ఫిల్టర్‌లో ఉంచాలి.

పునరుద్ధరణ క్రమం

మొదటి రోజు: ఎనిమోన్‌ను చేతితో కదపరాదు. ప్రవాహ పంపుల నోళ్లకు స్పాంజి లేదా జాలీ తొడగాలి. సంచరించే ఎనిమోన్ పంపులోకి లాగబడి ఛిద్రం కావడం సాధారణ ప్రమాదం. లవణీయత, ఉష్ణోగ్రత, పీహెచ్, అమోనియా, నైట్రైట్, నైట్రేట్, క్షారత కొలిచి తేదీతో నమోదు చేయాలి. గత నెలలో జరిగిన మార్పులన్నీ రాసుకోవాలి: కొత్త దీపం, కొత్త లవణం, కొత్త చేప, మందు, ఇంటి రంగులు, ప్రయాణం, విద్యుత్ అంతరాయం. చాలా సందర్భాలలో కారణం ఈ జాబితాలోనే దొరుకుతుంది. అమోనియా కనిపిస్తే అదే ఉష్ణోగ్రత, అదే లవణీయత గల కొత్త నీటితో నాలుగో వంతు నీరు మార్చాలి. కొత్త కార్బన్ వేయాలి.

మొదటి వారం: దోషాన్ని క్రమంగా సరిదిద్దాలి. నైట్రేట్ లీటరుకు 50 మి.గ్రా. ఉన్నదనుకుందాం. నైట్రేట్ లేని నీటితో 15 శాతం చొప్పున మూడుసార్లు మారిస్తే అది వరుసగా 42.5, 36, 31కి దిగుతుంది. ఒకేసారి సగం నీరు మార్చడం కంటే ఇది నెమ్మది. కానీ బలహీన జీవికి ఈ నెమ్మదే రక్ష. ఆహారం ఇవ్వరాదు. జీర్ణం చేసుకోలేని ఎనిమోన్ ఆ ముక్కను కక్కివేస్తుంది; ఆ ప్రయత్నంలో మరింత శక్తిని, దంశకణాలను కోల్పోతుంది.

రెండవ వారం నుంచి: నోరు బిగుసుకొని, స్పర్శకాలు జిగురు తిరిగి పొందిన తరువాత ఆహారం మొదలు పెట్టవచ్చు. ఉప్పు, మసాలా, నిల్వ రసాయనాలు తగలని పచ్చి రొయ్య లేదా సముద్రపు చేప మాంసాన్ని కందిగింజ పరిమాణంలో కోసి, పంపులు ఆపి, స్పర్శకాలపై మెల్లగా ఉంచాలి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మరునాడు కక్కివేస్తే వారం రోజులు విరామమివ్వాలి. తెల్లబడిన ఎనిమోన్‌కు శైవలాలు తిరిగి వృద్ధి చెందేవరకు ఈ చిన్న ముక్కలే ప్రాణాధారం.

కాంతి: తెల్లబడిన జీవికి ఎక్కువ కాంతి ఇస్తే శైవలాలు త్వరగా పెరుగుతాయన్న భావన పొరపాటు. మిగిలిన కొద్ది శైవలాలు అధిక కాంతిలో హానికరమైన ఆమ్లజని రూపాలను ఉత్పత్తి చేసి కణజాలాన్ని దెబ్బతీస్తాయి. దీపపు తీవ్రతను సగానికి తగ్గించి, మూడు నాలుగు వారాలలో మెల్లగా పెంచాలి. కోలుకున్న తరువాత చాలా జాతులకు చదరపు మీటరుకు సెకనుకు సుమారు 150 నుంచి 300 మైక్రోమోళ్ల కాంతి, రోజుకు 8–10 గంటలు సరిపోతుంది. శైవలాలు పూర్తిగా తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు. ప్రతి వారం ఒకే చోటి నుంచి, ఒకే కాంతిలో తీసిన ఛాయాచిత్రం రంగు మార్పును కంటి జ్ఞాపకం కంటే కచ్చితంగా చూపుతుంది.

ఆధారం: జాతిని బట్టి కావలసిన చోటు మారుతుంది. ఎంటాక్మియా క్వాడ్రికలర్ రాతి పగుళ్లలో పాదం దాచుకుంటుంది. స్టైకోడాక్టైలా హడ్డోని ఇసుకలో నివసిస్తుంది. దానికి పది సెంటీమీటర్లకు తగ్గని ఇసుక పొర అవసరం. హెటెరాక్టిస్ మాగ్నిఫికా ఎత్తైన రాతిపై, బలమైన ప్రవాహంలో ఉండగోరుతుంది. ఇసుక జాతిని రాతిపై ఉంచి, అది స్థిరపడడం లేదని మందు వేయడం వృథా ప్రయాస.

మందుల విషయంలో సంయమనం

అభిరుచి గలవారిలో కొందరు మనుషుల కోసం ఉద్దేశించిన యాంటీబయాటిక్ మాత్రలను ఎనిమోన్‌కు వాడుతున్నారు. సేకరణలో పాదం చీలి, గాయానికి బాక్టీరియా సోకిన సందర్భాలలో అది కొంత ఉపకరించవచ్చు. అయితే కారణం వేడి, లవణీయత, రాగి, కాంతి అయినప్పుడు యాంటీబయాటిక్ ఏ మేలూ చేయదు. పైగా అమోనియాను నైట్రేట్‌గా మార్చే ఫిల్టర్ బాక్టీరియా దెబ్బతిని, అమోనియా పెరిగి, పరిస్థితి విషమిస్తుంది. మందు కలిసిన నీటిని మురుగు కాలువలో వదిలితే మందులకు లొంగని బాక్టీరియా పెరుగుదలకు తోడ్పడినట్లే. యాంటీబయాటిక్ శేషాల వల్ల రొయ్యల ఎగుమతులు ఎదుర్కొన్న ఇబ్బందులు మత్స్యరంగానికి తెలిసినవే. మత్స్య ఆరోగ్య నిపుణుని పర్యవేక్షణ లేకుండా ఇటువంటి చికిత్సను విస్తరణ సిబ్బంది సూచించరాదు.

క్లౌన్ చేప మేలు, కీడు

క్లౌన్ చేప విసర్జించే అమోనియా ఎనిమోన్‌లోని శైవలాలకు పోషకం. రాత్రివేళ స్పర్శకాల మధ్య అది కదలడం వల్ల నీరు ప్రసరించి ఆమ్లజని అందుతుంది. చేప సహవాసంలో ఎనిమోన్లు మెరుగ్గా పెరుగుతాయని పరిశోధనలు చూపాయి. కానీ ఇది ఆరోగ్యవంతమైన ఎనిమోన్ విషయం. బలహీనపడిన, ముడుచుకున్న ఎనిమోన్‌లోకి పెద్ద చేప పదేపదే దూరితే అది విచ్చుకోలేదు. నోటి వద్ద ఉంచిన ఆహారాన్నీ చేప లాగివేస్తుంది. అటువంటప్పుడు కొన్ని వారాలు చేపను వేరుచేయడం లేదా ఎనిమోన్ చుట్టూ రంధ్రాల బుట్ట ఉంచడం మంచిది. క్లౌన్ చేప ఎనిమోన్ లేకుండానే తొట్టిలో నిశ్చింతగా జీవిస్తుంది, గుడ్లు కూడా పెడుతుంది. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రంలో రూపొందించిన క్లౌన్ చేపల హేచరీ విధానాలు ఈ విషయాన్ని రుజువు చేశాయి.

కొనుగోలు, చట్టం, వ్యర్థజలం

హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు నేడు లభ్యమవుతున్నాయి. ఎనిమోన్ల విషయంలో పరిస్థితి వేరు. ఎంటాక్మియా వంటి కొన్ని జాతులు తొట్టిలో నిలువుగా చీలి రెండుగా పెరుగుతాయి. మిగిలినవి ఎక్కువగా సముద్రం నుంచి సేకరించినవే. నెమ్మదిగా పెరిగే ఈ జీవులను సేకరిస్తే, వాటిపై ఆధారపడిన చేపలు కూడా ఆశ్రయం కోల్పోతాయి. పందొమ్మిదవ శతాబ్దంలో ఫిలిప్ హెన్రీ గాస్ రచనల ప్రభావంతో ఇంగ్లండులో ఇంటింటా సముద్ర ఆక్వేరియం వ్యామోహం వ్యాపించినప్పుడు తీరపు రాతి గుంటలు సేకరణతో వెలవెలబోయాయని ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ తరువాతి కాలంలో ఆవేదనతో రాశాడు. విశాఖపట్నం రాతి తీరంలో పోటు తగ్గినప్పుడు గుంటలలో కనిపించే ఎనిమోన్లను ఇంటికి తెచ్చుకోవాలని తలచే విద్యార్థులు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. పగడపు దిబ్బలను నిర్మించే రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ పొందుతున్నాయి. కనుక ఆక్వేరియం అలంకరణకు మన తీరపు పగడాలను సేకరించడం నేరం.

కొనేటప్పుడు గమనించవలసినవి: నోరు బిగుసుకొని ఉండాలి, పాదంపై చీలికలు ఉండరాదు, స్పర్శకాలు ఆహారానికి అంటుకోవాలి, రంగు గోధుమ లేదా లేత ఆకుపచ్చ ఛాయలో ఉండాలి. మెరిసే పసుపు, గులాబీ రంగులు కృత్రిమంగా అద్దినవి కావచ్చు. స్వచ్ఛమైన తెలుపు వివర్ణనానికి గుర్తు. తొట్టి వయసు కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది దాటిన తరువాతే ఎనిమోన్‌ను చేర్చాలి.

మార్చివేసిన నీటి విషయంలోనూ బాధ్యత ఉంది. ముప్పై లీటర్ల సముద్రపు నీటిలో ఒక కిలోకు పైగా లవణం ఉంటుంది. వారం వారం దానిని పెరటి మొక్కలకో పొలం గట్టుకో పోస్తే నేల చౌడుబారుతుంది. చెరువులోకి, కాలువలోకి వదలడం అంతకంటే తగదు. మురుగునీటి వ్యవస్థలోకి, ఎక్కువ మంచినీటితో పలుచన చేసి పంపాలి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

గరిడేపల్లి మండలంలోని గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలకు వచ్చే ప్రశ్నలలో సముద్ర ఎనిమోన్ అరుదైన అంశమే కావచ్చు. అయినా దానికి సమాధానం చెప్పే పద్ధతి కొత్తది కాదు. లక్షణాన్ని విని మందు చెప్పకుండా, నీటి నమూనా, ఉష్ణోగ్రత, గత నెల మార్పుల జాబితా అడగాలి. బోరు నీటి విశ్లేషణ ఫలితం ఉంటే నైట్రేట్, మొత్తం ఘనపదార్థాల విలువలను పరిశీలించాలి. ఒకేసారి ఒక్క అంశాన్నే మార్చమని, ప్రతి మార్పు తరువాత కొన్ని రోజులు వేచి చూడమని చెప్పాలి. అలా చేసినప్పుడే ఏ మార్పు ఫలించిందో తెలుస్తుంది. మత్స్యశాస్త్ర, జంతుశాస్త్ర విద్యార్థులకు ఇటువంటి ఒక్క తొట్టి నమోదు పుస్తకమే నత్రజని చక్రం, లవణ సమతౌల్యం, సహజీవనం అనే మూడు పాఠాలను ఆచరణలో నేర్పగలదు.

కొనడానికి ముందే సలహా కోరినవారికి తొట్టి నిలకడ, వేసవి చల్లదనం, శుద్ధజలం, విద్యుత్ ప్రత్యామ్నాయం అనే నాలుగింటిని ముందుగా అడగాలి. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంటతో సరిపెట్టుకొమ్మని చెప్పడం శాస్త్రీయమైన సలహా. అర్ధ శతాబ్దం దాటి జీవించగల వంశానికి చెందిన ప్రాణిని ఒక్క వేసవికి బలిచేయడం కంటే అది ఎంతో మేలు.